మూడో బీరువాకు పెట్టిన పేరు

మా చెల్లెలి చీరల కొట్టుకు వెబ్‌సైట్ పెట్టాలన్న ఆలోచన నాది కాదు. అందులో ఏ మాట ఉండాలో నిర్ణయించడం మాత్రం పూర్తిగా నా పని. ఈ రెండు వాక్యాలనూ ముందే రాసిపెడుతున్నాను. తరువాత జరిగినదానికి ఎవరిని అనుకోవాలో వెతుక్కునే శ్రమ చదివేవారికి ఉండకూడదు.

మాది మగ్గాల ఇల్లు. మా తాత, మా నాన్న ఇద్దరూ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతుకంతా గడిపినవాళ్ళే. నేను చదువుకుని ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల విభాగానికి వెళ్ళిపోయాను. చెల్లెలు మాత్రం బట్టను వదలలేదు. భర్త పోయిన తరువాత పటమటలో తన ఇంటి ముందుగదిలో చాప పరిచి, గోడ పొడవునా బీరువాలు పెట్టి, డెల్టా ఊళ్ళలో ఇంకా మగ్గాలు ఆడుతున్న ఇళ్ళ నుంచి చీరలు తెప్పించి అమ్మడం మొదలుపెట్టింది. వీధిలోకి బోర్డు కూడా లేదు. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని వస్తారు, వచ్చినవాళ్ళు చాప మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, ఊళ్ళో సంగతులన్నీ అయ్యాక చీరల మాట ఎత్తుతారు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక నేను రోజూ ఉదయం ఆ గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని పేపరు చదవడం, డైరీ రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుని నేను విన్న మాటలు నా ఒళ్ళు మండించేవి. ఎవరో ఒకావిడ వస్తుంది. "మా తోటికోడలి అక్కగారికి పెట్టాలండీ, కొంచెం చూసి తియ్యండి" అంటుంది. చెల్లెలు ఇంకేమీ అడగదు. లేచి వెళ్ళి మూడో బీరువా తెరుస్తుంది. కొంచెం చూసి అంటే ఎంత చూసి? ఏం చూసి? రంగా, నేతా, ధరా? జీవితమంతా దరఖాస్తుల్లో ఖాళీ గడులు కనబడితే తిప్పి పంపిన మనిషిని నేను. ఒక వ్యాపారం ఇంత అస్పష్టత మీద నడవడం నాకు అన్యాయంగా తోచేది. మగ్గం మీద ఒక్క పోగు తేడా వస్తే చీర చెడిపోతుంది, అలాంటి చీరను అమ్మేవాళ్ళు మాత్రం సగం సగం మాటలతో బేరాలు చేస్తారా అనుకునేవాణ్ని.

వెబ్‌సైట్ మాట తెచ్చింది మా మేనకోడలు, అంటే చెల్లెలి కూతురు. ఇంటి దగ్గర నుంచే ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని చేస్తుంది. కొత్త తరం కొట్టుకు రావడం తగ్గిందని, ఫోనులో కనబడకపోతే ఇక కొట్టు ఉన్నట్టే కాదని తల్లికి నచ్చజెప్పి, శని ఆదివారాల్లో కూర్చుని తానే సైటు తయారుచేసింది. ఫొటోలు తీసింది. ఒకరోజు ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మావయ్యా, ఫొటోలన్నీ ఎక్కించాను. రాత నీది. ప్రతి చీర కిందా నాలుగు ముక్కలు రాయి. వారానికొక బ్లాగ్ కూడా ఉండాలి. జనం చదివితేనే గూగుల్ పైకి తెస్తుంది."

"మిగిలినవాళ్ళు ఏం రాస్తున్నారో ముందు చూపించు."

చూపించింది. చూసి రెండు రోజులు కోపం దిగలేదు నాకు. ఒక్క దానిలోనూ నిజం లేదు. ప్రతి చీరా మహారాణి చీరే. ప్రతి అంచూ దేవలోకం నుంచి దిగినదే. పోనీ చీర పొడవు ఎంత, రంగు నీళ్ళలో దిగుతుందా, ఏ ఊళ్ళో నేశారు అని వెతికితే ఒక్క అక్షరం లేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను. మన సైటులో విశేషణం ఉండదు, సమాచారం ఉంటుంది. నేను ఆ మాట అన్నప్పుడు మేనకోడలు చప్పట్లు కొట్టింది.

బ్లాగులు నిజంగానే బాగా కుదిరాయి. గంజి చీరను మొదటిసారి ఎలా ఉతకాలి, జరీ నల్లబడకుండా మడత ఎప్పుడెప్పుడు మార్చాలి, చేనేతకూ మరమగ్గానికీ తేడా వెనకవైపు చూసి ఎలా పట్టుకోవాలి, ఇలాంటివన్నీ మా నాన్న దగ్గర విన్నవీ, నేను రాసిపెట్టుకున్నవీ వరుసగా రాశాను. ఎక్కడో బెంగళూరు నుంచి ఒకావిడ ధన్యవాదాలు చెబుతూ ఉత్తరంలాంటి వ్యాఖ్య రాసింది. చెల్లెలి చేతిసంచుల మీద వెబ్‌సైట్ చిరునామా అచ్చు వేయించమని పట్టుబట్టినది కూడా నేనే.

చిక్కంతా తరగతుల దగ్గర వచ్చింది.

"ప్రతి చీరా ఏదో ఒక కేటగిరీలో ఉండాలి మావయ్యా. లేకపోతే వెతికేవాళ్ళకి దొరకదు" అంది మేనకోడలు.

మొదటి బీరువాలో పెళ్ళి పట్టుచీరలు, దానికి పేరు పెట్టడం కష్టం కాలేదు. రెండోదానిలో రోజూ కట్టుకునే నూలు చీరలు. మూడోది తెరిచి చూస్తే అన్నీ కలగలిసి ఉన్నాయి. నూలువి ఉన్నాయి, పట్టూ నూలూ కలిపి నేసిన సీకో ఉన్నాయి, సన్న అంచులు, పెద్ద అంచులు. వాటన్నిటికీ ఉమ్మడి గుణం ఏమిటో నాకు అర్థం కాలేదు. చెల్లెలిని అడిగాను.

"ఈ మూడో బీరువాలోవాటిని ఏమంటావు?"

"ఏమంటాను, చీరలంటాను."

"అది కాదు. ఎవరు కొంటారు వీటిని?"

"ఎవరికి కావాలో వాళ్ళు కొంటారు. నువ్వు కాస్త ఆ దారపుండ ఇటందుకో అన్నయ్యా."

జవాబు దాటవేసిందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. ఇక ఆమెను అడగకుండా, మూల కుర్చీలో కూర్చుని, మూడో బీరువా తెరిచినప్పుడల్లా కొనేవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో విన్నాను. "పెట్టకపోతే బాగుండదండీ." "వాళ్ళు మాకు పెట్టారు కదా, తప్పదు." "పిలిచాక ఉత్త చేతులతో ఎలా పంపుతాం?" ఇవీ మాటలు. వినగా వినగా నాకు ఉమ్మడి గుణం దొరికింది. దొరికినందుకు చాలా సంతోషించాను. దానికి 'మొహమాటానికి పెట్టే చీరలు' అని పేరు పెట్టి, బ్లాగులో 'ఏ చీర ఎవరికి?' అనే శీర్షికతో పూర్తి వివరణ రాశాను.

పైకి ఎక్కించేముందు మేనకోడలు కొంచెం ఆగింది.

"మావయ్యా, ఈ పేరు మరీ మొహం మీద కొట్టినట్టు లేదూ?"

"సూటిగా ఉండాలనే కదా మనం అనుకున్నది."

"అమ్మకి ఒకసారి చూపిద్దామా?"

"మీ అమ్మకి చదివే తీరిక ఎక్కడుంది? అడిగితే దారపుండ అందుకోమంటుంది."

అది నవ్వి ఎక్కించేసింది. మిగిలిన బ్లాగులన్నీ కలిపి చదివినవాళ్ళకంటే ఈ ఒక్కదాన్నే ఎక్కువమంది చదివారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పొద్దున నడకకు వచ్చే ఒక మిత్రుడు దూరం నుంచే చేయి ఊపి, "ఏం రాశారండీ బాబూ, మా ఆవిడ పడీ పడీ నవ్వుతోంది, మా చెల్లెలు పెట్టిన చీర మీ ఫొటోలో కనబడిందట!" అన్నాడు. ఆ మాటలో ఏముందో నేను ఆ క్షణాన ఆలోచించి ఉండవలసింది. ఆలోచించలేదు. పొగడ్తగా ఇంటికి మోసుకుని వచ్చాను.

ఆ తరువాత కొద్ది రోజులకు, కొట్టులో బేరం జరుగుతూ ఉండగా ఒకావిడ వచ్చింది. పటమటలోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. భర్త చాలాకాలం మంచాన పడి పోయాడు. ఆయన ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఇల్లు ఆమె ఒక్కతే పూర్తి చేసి, ఆ వేసవిలోనే గృహప్రవేశం చేసుకుంది. బంధువుల ఆడవాళ్ళందరికీ పెట్టిన చీరలు మా చెల్లెలి దగ్గరే కొంది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఆరోజు చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, మీ సంచీ మీద ఇంటర్నెట్ అడ్రసు వేయించింది ఎవరు?"

"మా అన్నయ్య. ఏమ్మా, లోపలికి రా."

"మా మైలవరం వదిన ఫోన్ ఎత్తటంలేదక్కా. నేను పెట్టిన చీర వెనక్కి పంపించేస్తానని ఎవరితోనో కబురు పెట్టింది. ఎందుకో తెలియక పిచ్చెక్కింది నాకు. నిన్న వాళ్ళ చెల్లెలి కూతురు ఇది పంపింది" అని ఫోను చాచింది.

చెల్లెలు కళ్ళజోడు కోసం వెతికింది. కనబడలేదు. లోపలి గదిలో ఉన్న కూతురిని పిలిచి, "ఇందులో ఏముందో పైకి చదువమ్మా" అంది. మేనకోడలు ఫోను చూసి, నన్ను చూసింది. "చదువు" అంది తల్లి మళ్ళీ. అది చదివింది.

"మొహమాటానికి పెట్టే చీరలు. దగ్గరివారు కాకపోయినా వదిలిపెట్టడానికి వీల్లేని బంధువులకు తగినవి. పెట్టేవారికి భారం కావు. పుచ్చుకున్నవారు మడత విప్పకుండా ఇంకొకరికి పెట్టుకోవడానికి కూడా అనువుగా ఉంటాయి."

'వీల్లేని' అన్న మాట కోసం నేను ఒక పూట ఆలోచించాను. మొదట 'కుదరని' అని రాసి కొట్టేశాను. ఆ వాక్యం మొత్తం బ్లాగులోకెల్లా చక్కగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను. అదే వాక్యం ఆ గదిలో, ఆ పిల్ల గొంతులో, ఆ మనిషి ఎదురుగా వినబడినప్పుడు నా చెవులు కాలిపోయాయి. దాని కిందనే ఫొటో. లేత గోధుమరంగు నూలు చీర, నేరేడుపండు రంగు సన్నంచు.

చాప మీద కూర్చుని అప్పటిదాకా మూడో బీరువా చీరలు తిరగేస్తున్న ఇంకొకావిడ, చేతిలో ఉన్నదాన్ని మెల్లగా మడిచి పక్కన పెట్టింది. "మళ్ళీ వస్తానండీ, పాలవాడు వచ్చే వేళ" అని లేచి వెళ్ళిపోయింది.

నేను చేయవలసినది ఏమిటో ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు చేసింది వేరు. నాకు అలవాటైన గొంతుతో, "అందులో రాసినది అబద్ధమేమీ కాదు కదమ్మా. ఈ బీరువాలో చీరలు ఎక్కువగా అందుకే పోతాయి" అన్నాను.

"అబద్ధమే అన్నయ్యగారూ" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మా వదినకి జరీ పడదు. మెడ దగ్గర, భుజం మీద ఎర్రగా దద్దుర్లు వస్తాయి. పట్టు కడితే రాత్రంతా గోక్కుంటూ కూర్చుంటుంది. అందరికీ పట్టు పెట్టి ఆవిడకి ఏం పెట్టాలా అని ఇక్కడికి రెండుసార్లు వచ్చాను. రేటు ఎంతైనా సరే, ఒంటికి గుచ్చుకోకూడదు అని అక్కతో చెప్పాను. అన్నిట్లోకీ మెత్తగా ఉన్నది అదొక్కటే దొరికింది. ఆయన మంచాన ఉన్నన్నాళ్ళూ మైలవరంలో ఇల్లు తాళం పెట్టుకుని వచ్చి నా దగ్గరే ఉంది మా వదిన. దగ్గరివారు కాకపోయినా, అని రాశారు మీరు."

ఆ రెండుసార్లూ నేను ఆ మూల కుర్చీలోనే ఉన్నాను. ఆమె చీర అంచును మోచేతి లోపలి భాగానికి రాసుకుని చూడటం కూడా చూశాను. చూసి, చీరలు ఎంచే పద్ధతి ఇదా అని విసుక్కున్నాను.

ఆవిడ వెళ్ళాక చెల్లెలు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. బీరువా తలుపు వేసి, చాప దులిపి, అప్పుడు అంది. "ఆ బీరువాకి ఇన్నేళ్ళలో నేనొక పేరు పెట్టలేదంటే పేరు తెలియకనా అన్నయ్యా? ఒకే తానులో చీరని ఒకావిడ తప్పక తీసుకెళ్తుంది, ఇంకొకావిడ ప్రాణం పెట్టి తీసుకెళ్తుంది. మనమెందుకు అడగాలి? అడగం అనే కదా వాళ్ళు మన దగ్గరికి వచ్చేది."

"తప్పు జరిగినప్పుడు సవరించడానికి ఒక పద్ధతి ఉంటుంది" అన్నాను నేను.

"ఏం పద్ధతి? రేపు మైలవరం వెళ్దాం. ఆవిడ కాళ్ళావేళ్ళా పడదాం. అంతే పద్ధతి."

వెళ్ళడానికి ఒప్పుకున్నాను. కాని నా ముప్పై ఏళ్ళ ఉద్యోగం నన్ను అక్కడితో ఊరుకోనివ్వలేదు. మా కార్యాలయంలో పొరపాటు ఎక్కడ అచ్చయిందో సవరణ కూడా అక్కడే అచ్చు కావాలి. నలుగురూ చదివిన అబద్ధాన్ని చెవిలో చెప్పి సరిదిద్దడం దొంగతనం లాంటిదని నమ్మినవాణ్ని. ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుని సవరణ రాశాను. బ్లాగు ఎక్కించడం మేనకోడలు అప్పటికే నేర్పింది కనుక ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నేనే ఎక్కించాను. పడుకునేముందు, ఒక పని ముగించానన్న తృప్తి కూడా కలిగింది. సిగ్గుతో చెబుతున్నాను ఈ మాట.

పొద్దున్నే బస్సు. గొల్లపూడి దాటాం. ఇబ్రహీంపట్నం దగ్గర చెల్లెలు కిటికీలోంచి చూస్తూనే, "అక్కడ నువ్వేమీ మాట్లాడకు" అంది.

"నేను తయారై వస్తున్నాను."

"అదే నా భయం."

మైలవరంలో దిగి దారి అడుగుతూ వెళ్ళాం. చిన్న పెంకుటిల్లు, ముందు సిమెంటు అరుగు. అరుగు పక్కన ఎండలో నులకమంచం మీద మామిడి ఒరుగులు ఆరుతున్నాయి. వాటిని తిరగేస్తున్న పెద్దావిడే మేము వెతుకుతున్న మనిషి. ఎన్నోసార్లు ఉతికి పలచబడిన నూలు చీర కట్టుకుంది. మేమెవరమో చెల్లెలు చెప్పింది. ఆవిడ చేతులు తుడుచుకుంది.

"ఓహో, మీరేనా! రండి, కూర్చోండి. మొహమాటపడకండి. ఆ సంగతి మీకు నేను చెప్పేంతదాన్ని కాదనుకోండి."

కుర్చీలు వేసింది. లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. చెల్లెలికి గ్లాసు ఇచ్చి, నాకు ఇస్తూ, "ఇది ఏ బీరువాలో కాఫీయో తాగి చెప్పండి సార్, రాసుకుందురు గాని" అంది.

తలుపు పక్కన మేకుకు మా కొట్టు సంచీ వేలాడుతోంది. దాన్ని తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టబోయింది. "మీ చీరే. మడత విప్పలేదు. ఇంకొకరికి పెట్టుకోవడానికి అనువుగానే ఉంది."

చెల్లెలు సంచీని ముట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ చీర కోసం మరదలు రెండుసార్లు రావడం, మోచేతికి రాసుకుని చూడటం, ఇక్కడ ఫోను ఎత్తకపోతే అక్కడ ఆవిడ అన్నం తినకపోవడం.

పెద్దావిడ సంచీని అరుగు మీద పెట్టి, ఒరుగుల మంచం వైపు చూస్తూ వింది. "నువ్వు కొట్టు నడుపుకునే మనిషివమ్మా. అది నీ బేరం. నీ బేరాన్ని నువ్వు వెనకేసుకురాక ఏం చేస్తావ్" అంది. ఒక ఒరుగును తిరగేసి, "దాని మొగుడు నా తమ్ముడే. వాడికి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, ఇద్దరం ఒకే కంచంలో తినేవాళ్ళం, రెండోది కడిగే ఓపిక లేక. అంత తిన్నాక 'దగ్గరివారు కాకపోయినా' అని పదిమందీ చదివే చోట చూశాను. దానికి తెలియకుండా రాశారని నువ్వంటున్నావు. అది కొన్నచోటే కదా రాసింది. దాని నోట రాని మాట మీకెలా వచ్చింది?"

అక్కడ నేను మాట్లాడాను. మాట్లాడవద్దని చెల్లెలు చెప్పింది. కాని ఆ ప్రశ్న నన్ను ఉద్దేశించినది. దానికి నా దగ్గర సమాధానం ఉంది.

"ఆ మాట పూర్తిగా నాదేనమ్మా. ఆవిడకి ఏ సంబంధమూ లేదు. అది స్పష్టం చేస్తూ నిన్ననే సవరణ కూడా వేశాను. వినండి." జేబులోంచి ఫోను తీసి చదివాను. "గత వ్యాసంలో ఫొటోలో చూపిన గోధుమరంగు చీర మొహమాటానికి కొన్నది కాదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాము. ఇటీవల గృహప్రవేశం చేసుకున్న ఒక ఉపాధ్యాయిని, మెడ మీదా భుజాల మీదా దద్దుర్లతో బాధపడుతున్న తన వదినగారి చర్మానికి..."

"ఆగండి."

ఆగాను.

"ఈ దద్దుర్లు ఎవరివి?"

"మీవేనండి. పేరు రాయలేదు."

"పేరెందుకు? దానికి ఉన్నది ఒక్క వదినే." నా వైపు కొంచెం వంగింది. "ఇది కూడా ఊరంతా చదువుతారా?"

ఆ వేళ నా నోరు నా మాట వినలేదు. ప్రశ్న అడిగితే సమాచారం ఇవ్వడం తప్ప ఇంకేదీ నేర్చుకోలేదు నేను. తెర అడుగున, ఎంతమంది చూశారో తెలిపే అంకె కనబడుతోంది. దాన్ని పైకి చదివాను.

చెల్లెలు పమిటకొంగుతో మొహం కప్పుకుంది.

నేను మేనకోడలికి ఫోను చేశాను. నాకు వినికిడి తగ్గడం వల్ల స్పీకరు పెట్టి మాట్లాడతాను, అది మార్చాలని కూడా తోచలేదు. "అమ్మా, నిన్న నేనొక సవరణ ఎక్కించాను. అది వెంటనే తీసెయ్" అన్నాను.

"నువ్వే ఎక్కించావా మావయ్యా? నాకొక మాట చెప్పకుండానా?" కీబోర్డు చప్పుడు. "దేవుడా! దద్దుర్లేంటి మావయ్యా! ఆవిడ చూస్తే చంపేస్తుంది నిన్ను. తీసేశాను. పాతది కూడా తీసేశాను. కాని పొద్దున్నుంచీ ఎవరెవరో పంపించుకుంటున్నారు, అవి నేను తీయలేను. ఎక్కడున్నావ్ నువ్వు?"

"ఆవిడ ఎదురుగానే ఉన్నాను" అన్నాను.

అటునుంచి ఫోను పెట్టేసింది.

అరుగు మీద ఎండ జరిగి నా కాళ్ళ మీదికి వచ్చింది. పెద్దావిడ నన్ను చాలాసేపు చూసింది. కోపంగా అని చెప్పలేను. చీరను కొనేముందు వెనక వైపు తిప్పి చూసినట్టు చూసింది. తరువాత అరుగు మీద వేసి ఉన్న దిండు కింద నుంచి తన ఫోను తీసి, ఏదో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమే... ఆ, నేనే. ఎందుకు ఏడుస్తావ్, ఆగు ముందు. నేను చెప్పేది విను. ఆ రాసిన మహానుభావుడు ఇక్కడ మన అరుగు మీద కూర్చున్నాడే... ఆ, వచ్చాడు. వచ్చి ఇంకోటి రాశానని చదివి వినిపిస్తున్నాడు. నా దద్దుర్లు ఎక్కించాడు ఇప్పుడు! ... అవునే, మెడ మీద అని కూడా. భుజాలు కూడా వదల్లేదు. ... పిచ్చివాడేం కాదు, బాగా చదువుకున్నవాడే, అదే కదా రోగం. ... ఇలాగే ఊరుకుంటే రేపు నీ మోకాళ్ళ గురించి రాస్తాడు చూడు."

అవతల నుంచి నవ్వు వినబడింది. ఏడుపు మధ్యలో వచ్చిన నవ్వు, ముక్కు ఎగబీల్చుకోవడంతో సహా. పెద్దావిడ కూడా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కంటి చివర వేలితో తుడుచుకుంది. చెల్లెలు కొంగు మొహం మీద నుంచి తీయలేదు, కాని దాని వెనక భుజాలు కదులుతున్నాయి. అది ఏడుపు కాదని నాకు తెలుసు.

నేను అలాగే కూర్చున్నాను. ఇద్దరు ఆడవాళ్ళు నా గురించి, నేను అక్కడ లేనట్టు, ఉన్నానని తెలిసి కూడా మాట్లాడుకుంటున్నారు. నా కళ్ళజోడు, నా చేతిలో ఫోను, 'ఇందుమూలంగా' అన్న మాట, అన్నీ వచ్చాయి. నేను అంతకుముందెప్పుడూ ఎవరి అరుగు మీదా అలా తల దించుకుని కూర్చోలేదు. ఆఫీసులో పైఅధికారి తిట్టినప్పుడు కూడా నియమం నా వైపు ఉందన్న ధైర్యం ఉండేది. ఆవేళ నా వైపు ఏమీ లేదు. నవ్వు ఎంత పెరిగితే అంత మంచిదని, నా సిగ్గు ఎంత తీసినా పరవాలేదని అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గు వేసింది, అందులో కూడా నాకు ఏదో పుణ్యం మిగులుతుందని లెక్క కడుతున్నట్టు తోచి.

కొంతసేపటికి వాళ్ళ మాటల్లోంచి నేను జారిపోయాను. "ఒరుగులు ఎండాయి, నీకో డబ్బా పంపిస్తా. ... లేదు, నువ్వే రా. ఇల్లు నీ ఒక్కదానికే ఉందా, వదిలి రాలేవా రెండు రోజులు? ... గృహప్రవేశంలో పాలు సరిగా పొంగలేదని నేనెప్పుడన్నాను? అది మీ పిన్ని అంది, నేను కాదు..." అంటూ లేచింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, ఖాళీ గ్లాసులు ఒక చేత్తో, అరుగు మీది సంచీ ఇంకో చేత్తో తీసుకుని లోపలికి వెళ్ళింది. గ్లాసులు తొట్టిలో పడేసిన చప్పుడు, బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు వినబడ్డాయి. మాట మాత్రం ఆగలేదు.

మేము ఎదురుచూశాం. ఆవిడ బయటికి రాలేదు. లోపల సంభాషణ టమాటాల దగ్గరికీ, ఎవరో పిల్లవాడి అన్నప్రాశన దగ్గరికీ వెళ్ళింది. ఒకసారి నేను లేచి గడప దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాను. ఆవిడ వెనక్కి తిరగకుండానే, ఉండండి అన్నట్టు చెయ్యి ఊపి, ఫోనులో మాట్లాడుతూనే ఉంది.

"పద అన్నయ్యా" అంది చెల్లెలు చెప్పులు వేసుకుంటూ. "మనతో పని అయిపోయింది వాళ్ళకి."

క్షమించమని అడగడానికి వచ్చాను. దారి పొడవునా ఆ మాటకు ముందూ వెనకా పెట్టవలసిన వాక్యాలన్నీ కూర్చుకుంటూనే వచ్చాను. ఆ ఒక్క మాట మాత్రం అనకుండానే గేటు దాటాను.